ఆరోగ్యశ్రీ: స్టెంటుకు డబ్బుంది, బీపీ మాత్రకు లేదు

అనంతపురం జిల్లాలో పీహెచ్‌సీ ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. 2007 ఏప్రిల్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీని మొదట మూడు జిల్లాల్లోనే పెట్టారు: మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, మా అనంతపురం. అంటే పథకం పుట్టినప్పటి నుంచీ దాన్ని మందుల కిటికీ లోపలి నుంచి చూసినదాన్ని. కిందటేడు మా పెద్దన్నకు గుండెపోటు వచ్చి రెండు స్టెంట్లు వేయించాల్సి వచ్చినప్పుడు కిటికీ బయట కూడా నిలబడ్డాను. ఈ మధ్య ఈ పథకాన్ని ఇన్సూరెన్స్ కంపెనీలకు ఇవ్వాలా, దాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు చేతిలోనే ఉంచాలా, డబ్బు ఎక్కడి నుంచి తేవాలా అని వాదనలు వింటున్నా. వాదించేవాళ్లలో చాలామంది ఆ కౌంటర్ దగ్గర ఎప్పుడూ నిలబడలేదనిపిస్తుంది. అందుకే ఈ రివ్యూ.

పేరు సంగతి ముందే చెప్పేస్తా. రాజీవ్ ఆరోగ్యశ్రీ, తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ, తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. మా ఊళ్లో అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు, నేనూ అదే రాస్తున్నా.

నా తీర్పు కూడా ముందే చెప్తా. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆదుకోవడంలో ఐదుకు నాలుగు మార్కులు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక రెండు. అసలు ఆ ఆపరేషన్ దాకా పోకుండా చూడటంలో సున్నా. "అది ఆ పథకం పని కాదు కదా" అంటారు. ఆ పని ఎవరిదో, దానికి డబ్బు ఎవరు పెట్టాలో తేలకపోవడమే నా బాధ.

అన్న వేరుశనగ రైతు. అరవై దాటాయి. తెల్లవారుజామున ఛాతీలో పట్టేసినట్టుంది, ఎడమ చెయ్యి లాగుతోంది అన్నాడు. వదిన 108కి ఫోన్ చేసింది. బండి వచ్చింది, దగ్గర్లోని ఏరియా ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడ జరిగింది నేను సర్వీసులో చేరిన రోజుల్లో ఊహకు కూడా అందేది కాదు. ఈసీజీ తీసి, దాన్ని ఫోన్లోనే పెద్దాస్పత్రి గుండె డాక్టరుకు పంపారు. ఆయన చెప్పగానే రక్తపు గడ్డ కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ ఇచ్చేశారు. బయట కొనాలంటే ముప్పై, నలభై వేలు పెట్టాలి. అన్నకు పైసా తీసుకోలేదు. గుండెపోటు వచ్చిన తొలి గంటల్లోనే ఈ ఇంజెక్షన్ చిన్న ప్రభుత్వ ఆస్పత్రుల్లో దొరికేలా చేసిన వాళ్లెవరైనా వాళ్లకు చేతులెత్తి మొక్కుతా. అన్న ఈ రోజు చేను గట్టు మీద కూర్చుంటున్నాడంటే సగం పుణ్యం దానిదే.

అక్కడి నుంచి నగరంలో ఈ పథకంలో చేరిన ఒక ప్రైవేటు ఆస్పత్రికి (నెట్‌వర్క్ ఆస్పత్రి అంటారు) పంపారు. లోపలికి పోగానే రిసెప్షన్ పక్కన ఆరోగ్యమిత్ర బల్ల. పథకం తరఫున రోగులకు సాయం చేసేది వాళ్లే. ఇరవై ఐదేళ్ల అమ్మాయి. "అమ్మా, బియ్యం కార్డు, ఆధార్ తెచ్చినారా? పేషెంటు వేలిముద్ర కావాల, నేనే పైకొస్తా, ఆయన్ని దింపొద్దు" అంది. ట్యాబ్ పట్టుకుని ఐసీయూకే వచ్చింది. ఎమర్జెన్సీ కాబట్టి ఫోన్ మీదే అనుమతి వచ్చేసింది. ఆ పిల్ల పొద్దున్నుంచి నీళ్లు కూడా తాగినట్టు లేదు, బల్ల దగ్గర ఎప్పుడూ పదిమంది. ఈ వ్యవస్థకు ముఖం అంటే ఆ ఆరోగ్యమిత్రలే. వాళ్లకిచ్చే జీతం, వాళ్ల ఉద్యోగ భద్రత గురించి ఏ సంస్కరణ కాగితంలోనూ రెండు వాక్యాలు కనిపించవు.

అంతా బాగుందని రాయలేను. స్టెంట్ పడకముందే ఆ ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్లో వదిన దగ్గర టెస్టుల పేరుతో ఎనిమిది వేలు కట్టించుకున్నారు. "అప్రూవల్ రాకముందు చేసినవి పథకంలోకి రావు" అన్నారట. నేను సాయంత్రానికి చేరుకుని రసీదు చూశాను. రక్తపరీక్షలు, ఎకో, యాంజియోగ్రామ్ తాలూకు సామాను. ఇవన్నీ ప్యాకేజీలోవే, అంటే ఆ వైద్యానికి పథకం ఆస్పత్రికి కట్టే మొత్తంలోవే. రోగి లోపల అడుగుపెట్టినప్పటి నుంచి డిశ్చార్జి దాకా పరీక్షలు, మందులు, తిండి, చివరికి ఇంటికి పోయే ఛార్జీలు కూడా ప్యాకేజీలో భాగమే. బిల్లింగ్ దగ్గర గొడవ పడలేదు. 104కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, ఆ నంబరు కాగితం మీద రాసి ఆరోగ్యమిత్ర బల్ల మీద పెట్టాను. మర్నాడు డబ్బు వెనక్కిచ్చారు. నాకు ప్యాకేజీ లోపల ఏముందో తెలుసు కాబట్టి వచ్చింది. పక్క మంచం ముసలాయన కొడుకు పదకొండు వేలు కట్టి, రసీదు కూడా అడగకుండా కూర్చున్నాడు. అడగమంటే, "ఎందుకులే మేడమ్, మా నాయన ఇంకా వాళ్ల చేతిలోనే ఉన్నాడు కదా" అన్నాడు. ఆ భయానికి మందేమిటో నాకు తెలియదు గానీ, బిల్లింగ్ కౌంటర్ పైన "ఈ పథకం కింద చేరినవాళ్లు ఏమీ కట్టక్కర్లేదు" అని పెద్ద అక్షరాల్లో రాసి, డిశ్చార్జి రోజు ట్రస్టు నుంచే రోగి ఇంటికి ఫోన్ చేసి "మీ దగ్గర డబ్బేమైనా తీసుకున్నారా" అని అడిగితే సగం పోతుంది.

ఇక స్టెంట్ల నాణ్యత మీద అనుమానం పెట్టుకునేవాళ్లకు ఒక మాట. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకు కళ్లెం వేసింది. మందు పూసిన స్టెంటు ధర ఒక్కసారిగా ముప్పై వేల లోపుకు దిగింది, అంతకుముందు లక్ష పైన కూడా అమ్మేవాళ్లు. పథకాల మీద ఖర్చు తగ్గించాలంటే పేదవాడికి కోత పెట్టడమొక్కటే దారి కాదని అప్పుడే తేలింది. ధరను కూడా పట్టుకోవచ్చు.

డిశ్చార్జి అయ్యేటప్పుడు పది రోజుల మందులు సంచిలో పెట్టిచ్చారు. ఆ తర్వాత మందులకు మళ్లీ అదే ఆస్పత్రికి రావాలన్నారు. మా ఊరి నుంచి పోను రాను బస్సు, ఆటో, తోడొచ్చే మనిషి, పోయిన కూలి కలుపుకుంటే ఆ మందుల ఖరీదుకు మించే అవుతుంది. అన్న కాబట్టి నేను పంపిస్తున్నా. మా ఊళ్లో స్టెంట్లు వేయించుకుని ఏడాది తిరక్కముందే మాత్రలు మానేసినవాళ్లు నాకు తెలుసు. రక్తం పల్చబడే మాత్ర మధ్యలో మానేస్తే స్టెంటు పూడుకుపోయే ప్రమాదం ఉంది. ప్రభుత్వం లక్ష ఖర్చు పెట్టి వేయించినదాన్ని నెలకు కొన్ని వందల మాత్రలు చేతికి అందక వృథా చేసుకుంటున్నాం. ఆ మాత్రలు ఊరి పీహెచ్‌సీలో ఎందుకు పెట్టకూడదు? పీహెచ్‌సీ మందుల జాబితా వేరు, ట్రస్టు ప్యాకేజీ వేరు, రెండింటి డబ్బు వేరు. కారణం అంతే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. అన్నకు బీపీ ఉందని పన్నెండేళ్ల కిందటే తెలుసు. పీహెచ్‌సీలో చూపించుకునేవాడు. నేను అప్పటికే వేరే మండలంలో పనిచేస్తున్నా. ఒక నెల మాత్రలు దొరికేవి, ఒక నెల "లేవు, వచ్చే వారం రాండి" అనేవారు. ఆ వచ్చే వారం వేరుశనగ పీకుడు ఉంటుంది. పోడు. తల తిరిగితే బయట షాపులో నాలుగు మాత్రలు కొనుక్కుంటాడు. ఇట్లా పన్నెండేళ్లు.

"లేవు" అనే మాట నేను ఎన్నిసార్లు అన్నానో నాకు తెలుసు, కాబట్టి అది ఎక్కడ పుడుతుందో చెప్పగలను. మూడు నెలలకొకసారి ఇండెంటు, అంటే కావాల్సిన మందుల జాబితా, పెడతాం. జిల్లా సెంట్రల్ డ్రగ్ స్టోరు నుంచి మందులొస్తాయి. ప్రతి పీహెచ్‌సీకి ఇంత అని మందుల బడ్జెట్టు ఉంటుంది, ఆ లెక్క దాటడానికి లేదు. ఈ-ఔషధి అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఏ మందు ఎక్కడుందో కంప్యూటర్లో కనిపిస్తోంది, అది మంచి మార్పు. కానీ కంప్యూటర్లో సున్నా కనిపిస్తే సున్నానే. రాష్ట్ర స్థాయిలో సరఫరాదారుకు బిల్లు కట్టలేదంటే అతను సరుకు ఆపేస్తాడు. ఆ దెబ్బ మూడు నెలల తర్వాత మా కిటికీ దగ్గర తగులుతుంది. యాంటీబయాటిక్ అయిపోతే గొడవ జరుగుతుంది, పాము కాటు మందు అయిపోతే పేపర్లో వస్తుంది. బీపీకి వాడే ఆమ్లోడిపైన్, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ అయిపోతే ఎవరూ అరవరు. బీపీ నొప్పి పెట్టదు. ఆ మౌనం వల్లే వాటి మీద మొదటి కోత పడుతుంది.

నెలకు సరిపడా ఇవ్వాల్సిన చోట స్టాకు చూసుకుని పది రోజులకు కత్తిరించి ఇచ్చేదాన్ని. చదువు రాని ముసలమ్మలకు కాగితం కవరు మీద పొద్దుటి మాత్రకు సూర్యుణ్ని, రాత్రి మాత్రకు చంద్రుణ్ని గీసేదాన్ని. ఒకామె ఎప్పుడూ ఆ పాత కవర్లన్నీ రబ్బరు బ్యాండు వేసి దాచుకుని వచ్చేది. "ఈ తెల్లవి అయిపోయినాయి మేడమ్, ఇంకా రాలేదా?" అని కవరు మీది చంద్రుణ్ని చూపించేది. ఆమెకు పక్షవాతం వచ్చిందని తర్వాత తెలిసింది. నాడుల డాక్టరు, స్కానింగు, ఐసీయూ, అన్నీ ఆరోగ్యశ్రీలో జరిగాయి. కుడి చెయ్యి మాత్రం తిరిగి రాలేదు.

జనౌషధి షాపులో ఆమ్లోడిపైన్ పది మాత్రల అట్ట పది రూపాయల లోపే. ఒక మనిషికి ఏడాది పొడుగునా బీపీ మాత్ర ఇవ్వడానికి నాలుగు వందల రూపాయలు కూడా కాదు. మా అన్న కేసుకు ట్రస్టు మంజూరు చేసిన మొత్తం లక్షకు దగ్గర. ఆ లక్షతో ఎంతమందికి ఏడాది పాటు మాత్రలు వచ్చేవో మీరే లెక్కేసుకోండి. బీపీ మాత్ర వేసుకున్నవాళ్లందరికీ గుండెపోటు రాదని కాదు, వేసుకోనివాళ్లందరికీ వస్తుందనీ కాదు. కానీ పన్నెండేళ్లు అదుపులో లేని బీపీ ఏం చేస్తుందో వైద్యంలో ఎవరికీ అనుమానం లేదు.

2017 జాతీయ ఆరోగ్య విధానంలో ఈ మాట రాసే ఉంది. ప్రభుత్వాలు ఆరోగ్యం మీద పెట్టే ఖర్చు 2025 కల్లా జీడీపీలో 2.5 శాతానికి చేరాలని, అందులో మూడింట రెండు వంతులైనా ప్రాథమిక వైద్యానికి పోవాలని, రాష్ట్రాలు 2020 కల్లా తమ బడ్జెట్లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి పెట్టాలని రాసుకున్నారు. 2025 దాటిపోయింది. 2.5 దగ్గరికి రాలేదు. ఆరోగ్యశ్రీ పరిమితి, అంటే ఒక కుటుంబానికి ఏడాదికి ఎంత దాకా కడతారనేది, మాత్రం పెరుగుతూ వచ్చింది. మొదట రెండు లక్షల దాకా ఉండేది. 2023 డిసెంబరులో తెలంగాణలో పది లక్షలు చేశారు, అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై ఐదు లక్షలు చేశారు. ఇరవై ఐదు లక్షల వైద్యం ఎంతమందికి అవసరమవుతుంది? చాలా కొద్దిమందికి. వాళ్లకు అది ప్రాణమే, కాదనను. కానీ పోస్టరు మీద వేసుకోవడానికి పరిమితి పెంచడం తేలిక. ఇండెంటు పెట్టిన మాత్రలన్నీ ప్రతి మూడు నెలలకూ రావడం ఏ పోస్టరు మీదా పట్టదు.

పొరుగునే తమిళనాడు ఉంది. 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ఒక పథకం మొదలుపెట్టారు, మక్కళై తేడి మరుత్తువం అని. బీపీ, షుగరు ఉన్నవాళ్ల మాత్రలను మహిళా ఆరోగ్య కార్యకర్తలే ఇంటికి తెచ్చిస్తారు. మంచం పట్టినవాళ్ల దగ్గరికి ఫిజియోథెరపిస్టు వస్తాడు. కృష్ణగిరి మాకు ఎంత దూరం! అక్కడిదీ ఇదే ఎర్ర నేల, ఇదే వానల కరువు. మందులు కొనడానికి వాళ్లు 1990లలోనే ప్రత్యేక కార్పొరేషన్ పెట్టుకుని, టెండరు, నాణ్యత పరీక్ష, గోదాము అన్నీ ఒక పద్ధతిలోకి తెచ్చుకున్నారు. తమిళనాడులో కూడా పెద్ద ఆపరేషన్లకు ఇన్సూరెన్స్ పథకం ఉంది. కానీ దాని కింద ప్రభుత్వాస్పత్రి నేల గట్టిగా ఉంది. ఆ నేల చూడకుండా "తమిళనాడు ఇన్సూరెన్స్ పెట్టింది, మనమూ పెడదాం" అంటే చాలదు.

మనదగ్గర ప్రయత్నాలు లేవని కాదు. 2023 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైంది. పీహెచ్‌సీ డాక్టరే నెలలో నిర్ణీత రోజుల్లో ఊరికొచ్చి చూడటం, ఊరి విలేజ్ క్లినిక్‌లో బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయి ఉండటం. ఆలోచన నూటికి నూరుపాళ్లు సరైనది. మా ఊరి క్లినిక్‌లో ఉండే అమ్మాయి ఇప్పుడు అన్నకు వారం వారం బీపీ చూసి పుస్తకంలో రాస్తోంది. ప్రభుత్వం మారినప్పుడు పథకం పేరు మారితే మారనీ, ఆ అమ్మాయి, ఆ మాత్రల డబ్బా కదలకుండా ఉండాలి. అంతే అడుగుతున్నా.

ఇక ఇన్సూరెన్సా, ట్రస్టా? 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం కొత్త విధానానికి ఆమోదం తెలిపింది. ఏడాదికి రెండున్నర లక్షల దాకా ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది, ఆ పైన ఇరవై ఐదు లక్షల దాకా ట్రస్టు కడుతుంది. ఇది పూర్తిగా కొత్తేం కాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైందే ఇన్సూరెన్స్ కంపెనీతో. తర్వాతే ట్రస్టు నేరుగా నడపడం వచ్చింది. కేరళ 2020లో ఇన్సూరెన్స్ వదిలేసి తన ఏజెన్సీ చేతికి తీసుకుంది.

ఇన్సూరెన్స్ కావాలనేవాళ్ల వాదనను నేను కొట్టిపారెయ్యను. మా వదిన తమ్ముడు ఒక చిన్న ఊళ్లో నర్సింగ్‌హోమ్ నడుపుతాడు, ఎముకల డాక్టరు. "వదినా, ఆపరేషన్ ఈ రోజు చేస్తా, డబ్బు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాల. ఇంప్లాంటు వాడికి నేను నెలలో కట్టాల. సిస్టర్లకు ఒకటో తేదీ జీతం ఇయ్యాల. ఇన్సూరెన్స్ వాడైతే కనీసం గడువు రాసిస్తాడు కదా" అంటాడు. 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో నెట్‌వర్క్ ఆస్పత్రులు బకాయిలు తీర్చలేదని సేవలు ఆపేశాయి. ఆ రోజుల్లో డయాలసిస్ వాళ్లు, కీమో వాళ్లు ఎంత అల్లాడి ఉంటారో వేరే చెప్పక్కర్లేదు. బిల్లులు నెలల తరబడి ఆగితే ఆస్పత్రులు ఏం చేస్తాయో కూడా అతనే చెప్పాడు: పథకం మంచాలు తగ్గిస్తాయి, "బెడ్డు ఖాళీ లేదు" అంటాయి, లేదంటే రోగి దగ్గరే ఆ టెస్టు, ఈ టెస్టు అని గుంజుతాయి. అన్న దగ్గర తీసుకున్న ఎనిమిది వేలకు మూలం అక్కడ కూడా ఉండొచ్చు. అది తప్పును ఒప్పు చెయ్యదు.

అయినా నా ఓటు ట్రస్టుకే. కంపెనీకి ప్రీమియం ముందే కట్టాలి. ఆ ప్రీమియం కట్టడానికి ఖజానాలో డబ్బుంటే, అదే డబ్బుతో ఆస్పత్రి బిల్లులు గడువులోపల కట్టొచ్చు. డబ్బు లేకపోతే ప్రీమియమూ ఆగుతుంది. కంపెనీకి క్లెయిము తిరస్కరిస్తే లాభం, ట్రస్టుకు ఆ లాభం అక్కర్లేదు. ట్రస్టులోనూ కొర్రీలు పెడతారు, నిజమే. కానీ అడగడానికి ఒక ఎమ్మెల్యే, ఒక కలెక్టరు, ఒక అసెంబ్లీ ఉంటుంది. చిన్న చిన్న ఆపరేషన్లన్నీ రెండున్నర లక్షల లోపే కాబట్టి ఆ కొత్త విధానంలో మా ఊరివాళ్లకు ఎదురయ్యేది దాదాపు ఎప్పుడూ కంపెనీయే. తిరస్కరించిన క్లెయిము మీద ఎవరి దగ్గరికి పోవాలి, ఎన్ని రోజుల్లో తేలుస్తారు, ఆలోపు రోగి మంచం మీద ఉండొచ్చా లేదా, ఇవి ఒప్పందంలో తెలుగులో రాసి ప్రతి ఆరోగ్యమిత్ర బల్ల మీద అతికించాలి.

ప్రైవేటుకు డబ్బు పోతోందని మొత్తంగా తిట్టేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. నేను ప్రభుత్వ ఉద్యోగినే, ప్రభుత్వాస్పత్రి అంటే ప్రాణం. కానీ 2007కు ముందు మా జిల్లాలో గుండె ఆపరేషన్ అవసరమైనవాడు ఏం చేసేవాడు? ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టి, జవాబు వచ్చేలోపు చనిపోయేవాడు. లేదంటే మూడెకరాల్లో రెండు అమ్మి బెంగళూరు పోయేవాడు. ఆరోగ్యశ్రీ ఆ దుఃఖాన్ని తీసేసింది. దుర్వినియోగమూ జరిగింది. అవసరం లేకున్నా గర్భసంచులు తీసేస్తున్నారని గొడవయ్యాక ఆ ఆపరేషన్లను ప్రభుత్వాస్పత్రులకే పరిమితం చేశారు. ముప్పై ఏళ్లకే గర్భసంచి పోయి, కాల్షియం మాత్రల కోసం నా కిటికీ దగ్గరికొచ్చిన ఆడవాళ్లను చూశాను. ఒక్కో ఆపరేషన్‌కు ఇంత అని డబ్బు కడితే ఆపరేషన్లు పెరుగుతాయి, అది మనిషి స్వభావం. థాయ్‌లాండ్ 2002లో అందరికీ వైద్యం తెచ్చినప్పుడు బయటి రోగుల వైద్యానికి తలకు ఇంత అని ఏడాదికి ముందే ఇచ్చే పద్ధతి పెట్టుకుంది. మనుషులు ఆరోగ్యంగా ఉంటే ఆస్పత్రికే మిగులు. మన పీహెచ్‌సీలకూ కనీసం బీపీ, షుగరు, ఫిట్స్, ఆస్తమా మందుల వరకైనా నమోదైన రోగుల తలలు లెక్కపెట్టి, ఆ డబ్బును ఇంకెక్కడికీ మళ్లించకుండా విడిగా కట్టాలి.

డబ్బు ఎక్కడిదంటారు. ప్రభుత్వ ఉద్యోగులకు ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంది. ఉద్యోగ స్థాయిని బట్టి నెలకు 90 లేదా 120 రూపాయలతో మొదలై ఆంధ్రప్రదేశ్‌లో 225, 300 అయింది. జీతంలోంచే పోతుంది, ఎవరూ పెద్దగా బాధపడలేదు. ఆస్పత్రులు కార్డు చూసి మొహం తిప్పుకున్నప్పుడే బాధపడ్డాం. ఏడాదికి ఐదు లక్షలకు మించి ఆదాయం ఉన్న కుటుంబాలను కూడా కొత్త విధానంలోకి తెస్తామంటున్నారు. మంచిదే. కానీ వాళ్ల దగ్గర నెలకు కొంత తీసుకోవాలి. మా పెన్షనర్ల సంఘంలో ఈ మాటంటే ఒక పెద్దాయన "పన్నులు కడుతున్నాం కదమ్మా, మళ్లీ ఇదొకటా" అన్నారు. ఆయన మనవడికి ప్రైవేటు పాలసీకి ఏడాదికి ఎంత కడుతున్నారో అడిగాను. అందులో సగమిచ్చినా చాలంటున్నా. కూలీవాడి దగ్గర మాత్రం ఓపీ చీటీకి ఐదు రూపాయలు కూడా తీసుకోవద్దు. ఐదు రూపాయలు పోతాయని రానివాళ్లు ఉండరనుకుంటారు, ఉంటారు. మొదటిసారి బీపీ చూపించుకోవాల్సినవాడే వాడు.

కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద ఖర్చులో 60 శాతం ఇస్తానంటుంది, కానీ అది తన లెక్కలోని కుటుంబాలకే. మన పథకంలో ఉన్న కుటుంబాలు అంతకంటే చాలా ఎక్కువ. మిగతా భారం రాష్ట్రానిదే. పార్టీ ఏదైనా మన ఎంపీలు ఢిల్లీలో గట్టిగా అడగాల్సిన సంగతి ఇది.

పెనుకొండతో సహా పది కొత్త వైద్య కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టించాలనే నిర్ణయం మీద మా దగ్గర రోజూ చర్చే. నాకు ఒక్కటే భయం. జిల్లా పెద్దాస్పత్రి ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడు ఆరోగ్యశ్రీ ప్యాకేజీ డబ్బులో వాటా ఆ ఆస్పత్రికే తిరిగొచ్చి పరికరాలవుతుంది, సిబ్బందికి ప్రోత్సాహకమవుతుంది. ప్రభుత్వ డబ్బు ప్రభుత్వాస్పత్రిని పెంచే దారి అదొక్కటే మిగిలింది. దాన్ని మూసెయ్యకూడదు.

వాడుకోబోయేవాళ్లకు కొన్ని మాటలు. బియ్యం కార్డు, ఆధార్ జిరాక్సులు రెండు సెట్లు ఇంట్లో ఒకే చోట పెట్టుకోండి. ఆస్పత్రిలో ముందు బిల్లింగ్ కౌంటరుకు కాదు, ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి పోండి. ఎవరు డబ్బు అడిగినా రసీదు లేకుండా ఇవ్వకండి, రసీదు ఇస్తే 104కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. డిశ్చార్జి రోజు పది రోజుల మందులు, దారి ఖర్చులు అడిగి తీసుకోండి. డిశ్చార్జి కాగితం మీద రాసిన మందుల పేర్లు ఊరి విలేజ్ క్లినిక్‌లో చూపించి, వాటిలో ఏవి అక్కడ దొరుకుతాయో అడగండి, కొన్ని దొరుకుతాయి. నలభై దాటినవాళ్లు ఎవరికీ ఏమీ లేకపోయినా అదే క్లినిక్‌లో బీపీ, షుగరు చూపించుకోండి, డబ్బు అడగరు. మాత్రలు లేవంటే ఊరుకోకండి. లేవన్న తేదీ వేసి, మందు పేరు రాసి, మెడికల్ ఆఫీసరుకు కాగితం ఇవ్వండి. ఇండెంటు పెట్టే ఫార్మసిస్టుకు ఆ కాగితం ఎంత బలమో నాకు తెలుసు. అలాంటి పది కాగితాలు జతచేసి పంపిన నెలలో మాకు మెట్‌ఫార్మిన్ ముందుగా వచ్చింది.